ఈ రామ్ మన రాముడు కాదు!

అక్వేరియం షాపుల్లో చూసే బ్లూ రామ్ చేపకి ఆ పేరు రామిరెజ్ అనే మనిషి నుంచి వచ్చింది. వెనిజులా, కొలంబియాల ఒరినోకో మైదానాల చేప ఇది. పట్టి తెచ్చినవాళ్లలో ఒకరైన ఆయన పేరునే 1948లో మైయర్స్, హ్యారీ అనే శాస్త్రవేత్తలు పెట్టారు.

అక్కడి ఏరుల్లో ఆడ, మగ రెండూ కలిసి గుడ్లకి కాపలా కాస్తాయి. ఫారాలు వచ్చాక కథ మారింది. ఎక్కువ పిల్లలు దక్కాలని గుడ్లు తీసేసి వేరే ట్యాంకుల్లో పొదిగించారు. తరాలు ఇలా గడిచేసరికి కాపలా అలవాటే తగ్గిందని చాలామంది పెంపకందార్ల అనుమానం.

సో, కుర్ర జంట మొదటిసారి గుడ్లు తినేసిందా? మామూలే. టీడీఎస్ తక్కువున్న నీళ్లు, 28 డిగ్రీల వేడి, చదునైన రాయి ఇవ్వండి. రెండు మూడు ఈతల వరకు ఆ డ్యూటీ వాటికే వదిలి చూడండి.