పేరు చెప్పని వారి సభ

1935 మే 11, శనివారము. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, రబ్బరు టైర్ల పరిశ్రమకు పేరుపొందిన ఆక్రన్ పట్టణములో, మేఫ్లవర్ హోటలు ముందరి సాలలో బిల్ విల్సన్ అను వాటాల వ్యాపారి ఒంటరిగా నిలిచియుండెను. న్యూయార్కు నుండి వచ్చిన పని చెడిపోయినది. చేతిలో డబ్బు లేదు. ఒక ప్రక్క మద్యశాల. మరియొక ప్రక్క టెలిఫోను, దాని చెంత పట్టణములోని చర్చీల పట్టిక. అతడు త్రాగుడు మాని అప్పటికి సరిగా అయిదు నెలలు. అతడు టెలిఫోను వైపు నడచెను.

ఒక మతాచార్యుడు కొన్ని పేర్లు చెప్పెను. వారిని ఒక్కొక్కరినే పిలిచి విల్సన్ కోరినది వింతగా నుండెను: తనకు సహాయము కాదు, తాను మాట్లాడుటకు ఇంకొక త్రాగుబోతు కావలెను!

ఈ కోరికకు కారణము కలదు. 1934 డిసెంబరులో అతడు న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో చికిత్స పొందెను. అచ్చటి వైద్యుడు సిల్క్‌వర్త్, త్రాగుడు నీతిలోపము కాదనియు, శరీరమును మనస్సును కూడ పట్టిన రోగమనియు అతనికి బోధించెను. అది ఒక విధమైన ఎలర్జీ యని ఆ వైద్యుడు చేసిన ఊహను తరువాతి విజ్ఞానము అంగీకరింపలేదు. కాని రోగమనిన మాట నిలిచినది. 1956లో అమెరికా వైద్యసంఘము దానిని ఆమోదించెను. ఆసుపత్రి విడిచిన పిదప విల్సన్ పలువురు త్రాగుబోతులకు హితవు చెప్పి చూచెను. వారిలో ఒక్కడును మానలేదు. అయితే వారితో మాట్లాడుచున్నంత కాలము తాను త్రాగలేదని అతడు గుర్తించెను.

మరునాడు హెన్రియెట్టా సైబర్లింగ్ అను గృహిణి ఇంట అతనికి రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యునితో పరిచయమయ్యెను. స్మిత్ పదునైదు నిమిషములకు మించి కూర్చుండనను షరతుపై వచ్చెను. ఆ సంభాషణ కొన్ని గంటలు సాగినది. మద్యము వలని హాని ఆ వైద్యునికి తెలియనిది కాదు. అంతవరకు ఆయనకు దొరకనిది, తనవలెనే పడి లేచిన మనిషి. నడుమ ఒక మారు తప్పినను, 1935 జూన్ 10 తరువాత ఆయన 1950లో మరణించువరకు మద్యము ముట్టలేదు. ఆ తేదీయే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’, అనగా పేరు చెప్పని మద్యవ్యసనుల సంఘమునకు, జన్మదినముగా పరిగణింపబడుచున్నది.

ఇట్టి ప్రయత్నము ఇదే మొదటిది కాదు. 1840లో బాల్టిమోరు నగరమున ఆరుగురు త్రాగుబోతులు కలిసి ‘వాషింగ్టోనియన్’ సంఘమును స్థాపించిరి. అది దావానలమువలె వ్యాపించి, మద్యనిషేధ వాదములలోను ఇతర వివాదములలోను చిక్కుకొని, కొలది సంవత్సరములలోనే క్షీణించెను. కొత్త సంఘము ఏ వాదములోను జోక్యము కలుగజేసికొనదనియు, బయటి విరాళములు స్వీకరింపదనియు, పత్రికలలో సభ్యుల పేర్లు వెల్లడింపదనియు 1946లో ప్రకటించిన నియమములను 1950లో ఆమోదించినది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పేర్లు వెల్లడియైనచో ఉద్యోగము పోవును, పరువు పోవును. పేర్లు దాచినచో అవసరమైనవాడు సభను కనుగొనుట ఎట్లు? సంఘము వ్యక్తులను దాచి, తలుపును మాత్రము చూపెను. 1939లో సంఘము పేరుతోనే ఒక గ్రంథము వెలువడినది. 1941 మార్చిలో ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రిక వ్యాసము ప్రకటింపగా ఉత్తరములు వెల్లువెత్తి, సుమారు 2,000గా నున్న సభ్యసంఖ్య ఆ ఏడాది చివరకు సుమారు 8,000 అయ్యెను. త్రాగువారి కుటుంబములకై 1951లో ‘అల్-అనాన్’ ఏర్పడినది. భారతదేశమున 1957లో ఢిల్లీలో ఈ సభలు ప్రారంభమైనవి.

సభలో జరుగునది స్వల్పమే. ప్రవేశరుసుము లేదు, ఇంటిపేరు అడుగువారు లేరు. త్రాగుడు మానవలెనను కోరిక ఒక్కటే అర్హత. ఒకడు తన కథ చెప్పును, తక్కినవారు విందురు. కొన్ని సభలకు ఎవరైనను పోవచ్చును. కొన్ని వ్యసనులకే ప్రత్యేకము. మొదటి దినము నోరు విప్పక కూర్చున్నను తప్పులేదు.

దీనివలన నిజముగా గుణము కలదా? 27 పరిశోధనలను, 10,565 మంది వివరములను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2020లో వెలువడినది. రోగులను ఈ సభలకు క్రమపద్ధతిలో చేర్చు చికిత్సలు, పూర్తిగా మానియుండు విషయములో ప్రవర్తనా చికిత్స వంటి ఇతర పద్ధతులకంటె మేలుగా పనిచేసినవని అది తేల్చెను. అందరికి ఇదే మందు అనరాదు. దైవభావనతో కూడిన ఈ పద్ధతి కొందరికి రుచింపకపోవచ్చును.

సభ వైద్యమునకు బదులు కాదు. ఏండ్ల తరబడి మద్యము మెదడును అణచియుంచును. మెదడు దానికి అలవాటుపడి తన ఉద్రేకమును పెంచుకొనును. మద్యము హఠాత్తుగా నిలిచినచో ఆ ఉద్రేకము అదుపు తప్పి వణకు, మూర్ఛలు, సంధిప్రేలాపన, ఒక్కొక్కప్పుడు మరణము సంభవించును. కనుక అధికముగా త్రాగువాడు వైద్యుని సలహాతోనే మానవలెను. ఈ సంగతి ఎరిగియే 1939లో డాక్టరు స్మిత్, సిస్టర్ ఇగ్నేషియా అను సన్యాసిని ఆక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఇట్టివారిని చేర్చుకొనసాగిరి. మొదట మంచము, పిదప సభ.

వీధిలో తూలుచున్నవానిని చూచి నవ్వుట సులభము. పాఠశాలకు వచ్చు పిల్లలలో కొందరికి ఆ తూలువాడు తండ్రియే. సమీపమున అట్టి సభ ఎచ్చట జరుగుచున్నదో, ఏ ఆసుపత్రిలో చికిత్స లభించునో ఉపాధ్యాయుడు తెలిసికొనియుండుట మేలు. ఆ దినము ఆక్రన్‌లో ఒక పట్టికయు, విసుగుకొనక పేర్లు చెప్పిన ఒక మనిషియు లేకున్నచో, విల్సన్ ఏ తలుపు వైపు నడచియుండెడివాడో ఊహింపవచ్చును.