కోడు సర్దితే చరిత్ర పోతుందా?

మణుగూరులో ఇంటి నుంచే పని చేస్తూ, ఓ రోజు పాత ప్రాజెక్టు మొత్తాన్నీ ఫార్మేటర్‌తో సర్దేసి ఒకే కమిట్ కొట్టాను. మర్నాడు ‘గిట్ బ్లేమ్’ చూస్తే దాదాపు ప్రతి లైనుకీ నా పేరే! ఏది ఎవరు, ఎందుకు రాశారో తెలీకుండా పోయింది.

ఈ పనిముట్టు కొత్తదేం కాదండోయ్. సీ భాషకి ‘ఇండెంట్’ 1976 నాటిది. 2009లో గో భాష ఫార్మేటర్‌ని వెంటబెట్టుకునే వచ్చి, ట్యాబులా స్పేసులా అన్న కొట్లాటకి తన వరకూ తెర దించింది.

కడపలో బ్రౌన్ దొర పండితులతో తాళపత్రాల పాఠాలు పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. మూలప్రతుల్ని మాత్రం పారెయ్యలేదు, భద్రంగా దాచాడు.

2019లో గిట్ 2.23తో వచ్చిన సదుపాయం వాడి, నా కమిట్‌ని బ్లేమ్ లెక్కలోంచి తప్పించాను. పాత పేర్లు మళ్ళీ కనబడ్డాయి. సర్దండి, కానీ మూలానికి దారి మూసెయ్యకండి. ఏమంటారు?