కాపలా దిగని రాత్రులు

నిద్ర గురించి ఇప్పుడు ఏ సలహా విన్నా ఒక గది, ఒక మంచం, ఒంటరి మనిషి. ఫోన్ పక్కన పెట్టలేదు, సాయంత్రం కాఫీ మానలేదు, అందుకే నిద్ర పట్టలేదు. తప్పంతా పడుకున్న మనిషిదే. బందరు, గిలకలదిండి, దివిసీమ రాత్రుల చరిత్ర చదువుతుంటే నాకు ఈ లెక్క సరిపోలేదు. ఆ తీరంలో ఒకరు నిద్రపోవాలంటే ఇంకొకరు మేలుకుని ఉండాలి.

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. దాదాపు 30 వేల మంది పోయారు. రాబోయేది ముందుగా చెప్పే ఏర్పాటే అప్పటికి లేదు. అంతకు నెల్లాళ్ల కిందట, అక్టోబరు 5న, కలకత్తానీ ఓ తుపాను ముంచింది. ఈ దెబ్బలూ, ఆ తర్వాతి కరువులూ కలిసి 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడడానికి దారితీశాయి. నా దృష్టిలో అది దేశం పెట్టుకున్న రాత్రి కాపలా.

కాపలా ఉంటే సరిపోదని 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చెప్పింది. తుపాను హెచ్చరికలు ఉన్నాయి. కానీ పల్లెల్లో జనానికి ఎక్కి నిలబడే మేడ లేదు. ప్రభుత్వ లెక్కలోనే మృతులు 10 వేలకు దగ్గర. 1990 మేలో కృష్ణా ముఖద్వారం ప్రాంతాన్నే ఇంకో పెను తుపాను తాకింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యిలోపే. ‘పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక’ అన్న మాట విని బందరు వాళ్లు ఎప్పుడు పడుకోవచ్చో, ఎప్పుడు మూట కట్టుకోవాలో తేల్చుకుంటారు.

నిద్రలేమిని వైద్యులు వివరించే తీరు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ప్రమాదం దాటిపోయినా మెదడులో కాపలావాడు డ్యూటీ దిగడు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, గుండె వేగం పెరుగుతుంది. పెద్ద ఆపద చూసినవాళ్లకి ఏళ్ల తరబడి ఇలా జరగొచ్చు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దీనికి మాత్రలకన్నా ముందు సూచించేది అలవాట్లనీ ఆలోచనలనీ సరిచేసే చికిత్స: రోజూ ఒకే వేళకి లేవడం, పొద్దున్నే వెలుతురులోకి రావడం, నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వెళ్లి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు తిరిగి రావడం. మంచం కాపలా కాసే చోటు కాదని మెదడుకి నేర్పడమే ఇదంతా. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పగలంతా తూగడం మాత్రం వేరే జబ్బు. అలవాట్లు మార్చుకుంటే చాలదు, పరీక్ష చేయించుకోవాలి.

అయితే ‘రోజూ ఒకే వేళకి’ అన్న సలహా గిలకలదిండి రేవులో చెప్పి చూడండి. ముఖద్వారం ఇసుక మేటలు వేస్తే బోటు కదలాలంటే పోటు రావాలి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మన ఒంట్లో గడియారం మాత్రం సూర్యుణ్ణే నమ్ముకుని దాదాపు 24 గంటలకి తిరుగుతుంది. చంద్రుడి లెక్కన పనిచేసి సూర్యుడి లెక్కన నిద్రపొమ్మంటే ఎలా? షిఫ్టులు మారే నర్సుకీ, రాత్రి క్యాబ్ నడిపేవాడికీ ఇదే చిక్కు. పగలు పడుకునేవాళ్లకి చీకటి గది కావాలి, ఇంట్లోవాళ్లు తలుపు కొట్టకుండా ఉండాలి. అది ఒక్కరి క్రమశిక్షణతో అయ్యేది కాదు.

రోజుల తరబడి వేటకి వెళ్లే బోటులో నిద్ర వంతులవారీగానే ఉంటుంది. ఒకరు చుక్కాని దగ్గర ఉంటేనే మిగతావాళ్లు నడుం వాలుస్తారు. మన నిద్ర సలహాల్లో ఈ ‘వంతు’ అన్న మాటే లేదు. పసిబిడ్డ తల్లికీ, మంచాన పడ్డ పెద్దవాళ్లని చూసుకునే కూతురికీ ‘ఫోన్ చూడకు’ అని చెప్పడం తేలిక. ఈ రాత్రి నేను చూసుకుంటాను, నువ్వు పడుకో అనడానికి మాత్రం ఇంట్లో ఇంకొకరు లేవాలి.