బీరు అమ్మారని టీమ్‌నే గెంటేశారు! బేస్‌బాల్ గ్యాలరీ తిండి వెనక కథ

1880లో అమెరికాలో ఒక బేస్‌బాల్ టీమ్‌ని లీగ్ నుంచి గెంటేశారు. మ్యాచ్ ఫిక్సింగ్ చేశారా? లేదు. గ్రౌండ్‌లో బీరు అమ్మారు, ఆదివారాలు గ్రౌండ్‌ని అద్దెకిచ్చారు. అంతే. ఆ టీమ్ సిన్సినాటి. గెంటింది నేషనల్ లీగ్.

ఇప్పుడు రీల్స్‌లో మనం చూసేదేంటి? ఫ్రెండ్స్ గ్యాంగ్, చేతిలో హాట్ డాగ్, కాళ్ల కింద పల్లీల తొక్కలు, మధ్యమధ్యలో ఆట. మరి అప్పట్లో అంత కోపం ఎందుకు? బీరు పైకి కనిపించే కారణం. అసలు గొడవ గ్యాలరీలో ఎవరు కూర్చోవాలి అన్నదాని మీద.

లెక్క చూద్దాం. నేషనల్ లీగ్ టికెట్ 50 సెంట్లు. ఆదివారం ఆట ఉండదు. ఫ్లడ్‌లైట్లు లేని రోజులు కాబట్టి మ్యాచ్ అంటే పగలే. వారానికి ఆరు రోజులు పనిచేసే ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్న ఒక్క సెలవు ఆదివారం. ఆ రోజే గేటు మూసేస్తే ఆయన ఇంకెప్పుడు రావాలి? లీగ్ మాత్రం 'మర్యాదస్తులు' వస్తే చాలనుకుంది.

అప్పుడు సెయింట్ లూయిస్‌లో క్రిస్ వాన్ డర్ ఆహే అని ఒకాయన ఉండేవాడు. జర్మనీ నుంచి వలస వచ్చాడు. గ్రౌండ్ దగ్గర్లోనే కిరాణా కొట్టు, బారు నడిపేవాడు. బేస్‌బాల్ గురించి ఆయనకి పెద్దగా తెలీదు. కానీ మ్యాచ్ అయ్యాక జనం దాహంతో తన బారుకే వస్తున్నారని బాగా తెలుసు. అందుకని ఏకంగా టీమ్‌నే తీసుకున్నాడు.

1882లో ఆయన టీమ్, సిన్సినాటి, ఇంకొన్ని కలిసి అమెరికన్ అసోసియేషన్ అనే పోటీ లీగ్ మొదలుపెట్టాయి. టికెట్ 25 సెంట్లు, అంటే సగం రేటు. ఊళ్లో చట్టం ఒప్పుకుంటే ఆదివారం కూడా ఆట. బీరు కూడా ఓకే. అవతలివాళ్లు దీన్ని 'బీరు, విస్కీ లీగ్' అని వెక్కిరించారు. జనం మాత్రం వచ్చారు.

1891 సీజన్ తర్వాత ఆ లీగ్ మూతపడింది. దాని 4 టీమ్‌లు నేషనల్ లీగ్‌లో కలిశాయి. వాటితోపాటే చవక టికెట్, ఆదివారం ఆట, బీరు, ఇష్టమున్న టీమ్‌లకి అన్నీ ఓకే అయిపోయాయి. ఇంకో ట్విస్ట్ వినండి. వాన్ డర్ ఆహే టీమే ఇవాళ్టి కార్డినల్స్. 1953లో దాన్ని కొన్నది ఎవరనుకున్నారు? బడ్‌వైజర్ బీరు తయారుచేసే ఆన్‌హాయిజర్ బుష్!

సరే, తిండి సంగతికొద్దాం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన హ్యారీ స్టీవెన్స్ 1887లో ఒహాయోలో స్కోర్‌కార్డులు అమ్మడంతో మొదలుపెట్టి, తర్వాత న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో తిండి అమ్మకాల దాకా ఎదిగాడు. 'హాట్ డాగ్' పేరు ఆయన స్టాల్ దగ్గరే, ఒక కార్టూనిస్ట్ వల్ల పుట్టిందని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. నమ్మకండి. ఆ కార్టూన్ ఎవరికీ దొరకలేదు, ఆ మాట అంతకుముందే 1890లలో అచ్చులో ఉంది. ఇక స్టేడియం నాచోస్, అదే పైన చీజ్ సాస్ పోసిచ్చేవి, 1976లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో మొదలయ్యాయి. డాలస్‌లో ఉండే మన తెలుగువాళ్లలో శాకాహారులకి ఇవి పెద్ద దిక్కు!

అసలు ఈ ఆటే కబుర్లకి కుదిరిన ఆట. 9 ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు టీమ్‌లూ బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు ఔటైతే చాలు, సైడ్ మారుతుంది, చిన్న బ్రేక్ వస్తుంది. వరస మధ్యలో ఉన్నవాళ్లు హాట్ డాగ్ అడిగితే డబ్బులు చేతులు మారుతూ అమ్మేవాడి దాకా వెళ్తాయి, హాట్ డాగ్ అలాగే చేతులు మారుతూ వెనక్కొస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మన తిండిని జాగ్రత్తగా అందిస్తారు.

కానీ ఈ స్నేహానికి ఒక గీత ఉండేది. వాన్ డర్ ఆహే బీరు అమ్మిన చోటే పెరిగిన స్పోర్ట్స్‌మన్స్ పార్క్‌లో నల్లజాతి ప్రేక్షకుల్ని రైట్ ఫీల్డ్ వైపు పెవిలియన్‌లోనే కూర్చోబెట్టేవారు. టికెట్ కొన్నా సరే, నచ్చిన సీట్లో కూర్చునే హక్కు లేదు. ఆ రూల్ పోయింది 1944లో. జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి మూడేళ్ల ముందు. మేజర్ లీగ్ స్టేడియాల్లో ఈ పద్ధతి అన్నిటికన్నా ఆఖరున పోయింది ఇక్కడే. అంటే చవక టికెట్ కార్మికుడికి గేటు తెరిచింది కానీ, అందర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టలేకపోయింది.

అందుకే ఇవాళ స్టేడియంలో తిండి రేట్లు చూసి 'అమ్మో' అనుకుంటే, దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. రేటు పెరిగితే 1880లో లాగే కొందరు బయటే ఉండిపోతారు. కాకపోతే అమెరికాలో చాలా బేస్‌బాల్ స్టేడియాలు ఇంటి నుంచి తెచ్చుకున్న తిండిని లోపలికి రానిస్తాయి. మన క్రికెట్ స్టేడియాల్లో వాటర్ బాటిల్ కూడా గేటు దగ్గరే ఆగిపోతుంది. ఒక్కసారి ఊహించుకోండి, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బాతో నలుగురు ఫ్రెండ్స్ మ్యాచ్‌కి వెళ్తే ఎలా ఉంటుందో. అలా అడగడం తప్పేం కాదు కదా?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!