కంప్యూటరు, కీబోర్డు మాటలు (ఉత్తరాంధ్ర)

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళ నోట పడే షిఫ్టు, ఎంటరు, బ్యాక్‌స్పేసు, ట్యాబు, ఫాంటు, ఫైలు వంటి పదాల చరిత్ర ఇది. వీటిలో చాలా మాటలు కంప్యూటరుతో రాలేదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే టైపుమిషనుతో వచ్చి, కంప్యూటరు వచ్చేదాకా ఇక్కడే కాచుకుని ఉన్నాయి.

టైపుమిషను వారసత్వం

అమెరికావాడైన క్రిస్టఫర్ షోల్స్ 1868లో టైపుమిషనుకు పేటెంటు పొందాడు. తుపాకులు తయారుచేసే రెమింగ్టన్ కంపెనీ 1874లో దాన్ని అమ్మకానికి పెట్టింది. అందులో ఇంగ్లీషు పెద్దక్షరాలే పడేవి. 1878లో వచ్చిన రెండో నమూనాలో ఒక్కో కమ్మీ మీద పెద్దదీ చిన్నదీ రెండక్షరాలు పోతపోశారు. ఒక మీట నొక్కి పట్టుకుంటే కాగితం చుట్టిన రోలరు కాస్త జరిగి, రెండో అక్షరం పడేది. ఆ జరగడమే షిఫ్టు. ఇప్పటి కీబోర్డులో ఏదీ జరగదు. పేరు కూడా జరగకుండా అక్కడే ఉండిపోయింది.

ఎంటరు మీట మీద ఎడమకు వంగిన బాణం గుర్తుదీ ఇదే కథ. టైపుమిషనులో వరస చివరికి వస్తుండగా చిన్న గంట మోగేది. ఎడమచేత్తో లీవరు పట్టి క్యారేజీని తోస్తే కాగితం ఒక వరస పైకి జరిగి, రాత మళ్ళీ ఎడమ అంచు నుంచి మొదలయ్యేది. బ్యాక్‌స్పేసు మీట అప్పట్లో ఒక గడి వెనక్కి తీసుకుపోయేదే గాని, తప్పును తుడిపేది కాదు. తుడపాలంటే రబ్బరో తెల్ల రంగో కావాలి. అంకెల్ని పట్టికలో నిలువుగా ఒకే వరుసన పేర్చడానికి పెట్టిన మీట ట్యాబు. ఈమెయిల్లో కనిపించే ‘సీసీ’ అంటే కార్బన్ కాపీ. రెండు కాగితాల నడుమ నీలంరంగు కార్బన్ పెట్టి టైపు కొట్టి, వేళ్ళు మసి చేసుకున్నవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ మాటల్ని ఉత్తరాంధ్ర పట్టణాల జనానికి నేర్పినవి టైపు ఇన్‌స్టిట్యూట్లు. పదో తరగతి పరీక్షలయ్యాక ‘టైపు లోయరు’ కట్టడం, అది గట్టెక్కితే ‘హయ్యరు’ కట్టడం ఉద్యోగం వేటలో మొదటి మెట్టు. ఇంగ్లీషులో లోయరుకు నిమిషానికి 30 మాటల వేగం కావాలి, హయ్యరుకు 45. మొదటి పాఠం ఎక్కడైనా ఒకటే: ఎడమ చిటికెన వేలు ‘ఏ’ మీద, కుడి చిటికెన వేలు సెమికోలన్ మీద ఉంచి, ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె అని పేజీలకు పేజీలు కొట్టడం. చిటికెన వేలికి బలం చాలక ‘ఏ’ ఎప్పుడూ వెలిసిపోయినట్టు పడేది. కంప్యూటరు కీబోర్డుకు ఆ తేడా తెలియదు, ఎంత మెల్లగా నొక్కినా అక్షరం ఒక్కలాగే పడుతుంది. ‘ఎఫ్’, ‘జె’ మీటల మీద ఉబ్బెత్తుగా చిన్న గీత ఉంటుంది. చూపుడువేళ్ళు కళ్ళతో పనిలేకుండా తమ చోటు పోల్చుకోవడానికే అది.

తెలుగు మీటలు

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. ఇక కచేరీల్లో తెలుగులోనూ టైపు కొట్టాలి. తెలుగు టైపుమిషనుకు అసలు చిక్కు మీటల లెక్కతోనే. నలభై పైచిలుకు మీటల్లో అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ ఇమడాలి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేసి, ఒక ముక్క మీద ఇంకో ముక్క కొట్టవలసి వచ్చింది. గుర్తు వేసి క్యారేజీని కదపని మీటను డెడ్ కీ అంటారు.

కంప్యూటరు వచ్చాక ముక్కలు పోయి వరుస వచ్చింది. 1986లో కేంద్ర ప్రభుత్వం భారతీయ లిపులకు కలిపి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును రూపొందించింది. ఇందులో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. ‘శ్రీకాకుళం’ అని కొట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. కంటికి నాలుగు అక్షరాలు, వేలికి పది మీటలు. శకారానికీ ళకారానికీ షిఫ్టు పట్టడం అదనం. ‘విజయనగరం’ ఎనిమిది మీటలతోనే తెమిలిపోతుంది, షిఫ్టుతో పనే పడదు.

1991లో, ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు 128 గళ్ళు దక్కాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. అయినా పెళ్ళికార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల్లో అను ఫాంట్లదే రాజ్యం. వాటిలో కొట్టిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు మాయమై పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ‘ఫాంటు లేదు’ అన్న మాట కొత్తవాళ్ళకు తొలిసారి బోధపడేది అక్కడే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఆ బాటలోనే 2006లో వచ్చిన లేఖిని అనే వెబ్‌సైటు, తెలుగు కీబోర్డు నేర్చుకోనివాళ్ళ చేత కూడా తెలుగు రాయించింది.

పేర్ల తగవు

కంప్యూటరును కలనయంత్రమని, బ్రౌజరును విహారిణి అని, డౌన్‌లోడును దించుకోలు అని రాసినవాళ్ళున్నారు. అంతర్జాలం పత్రికల్లో నిలదొక్కుకుంది. దస్త్రానిది వింత కథ. పారసీ నుంచి వచ్చి, రెవెన్యూ కచేరీల్లో గుడ్డలో కట్టిన కాగితాల కట్టకు పేరై, ఇప్పుడు తెలుగు వికీపీడియాలో ఫైలుకు బదులు నిలబడింది. మౌసును ఎలుక అనడం మాత్రం జనంలో నిలవలేదు. వినాయకుడి వాహనాన్ని పట్టుకుని చేత్తో తిప్పడం మనవాళ్ళకు కుదరలేదు కాబోలు.

2011లో వచ్చిన మీసేవ కేంద్రాల్లోనూ, 2017లో మొదలైన ఇరవై గంటల ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా పాఠంలోనూ నిలిచింది జనం మాటే. ఎంటరు కొట్టు, సేవు చెయ్యి, ఫైలు తెరువు, మిషను హ్యాంగయింది: నామవాచకం ఎక్కడిదైనా క్రియ మనదే. తెర మీద బాణం కనబడకపోతే “ఏరో ఎటెల్లిపోనాది బాబూ?” అని అడిగే ఊళ్ళివి.

ఈ తగవు ఇక్కడ కొత్తదేం కాదు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో స్థిరపడిన గురజాడ అప్పారావు ఆ ఊరి బడిలోనే కలిసి చదువుకున్నారు. మాట్లాడే తెలుగే రాయాలని ఇద్దరూ పోరాడారు. గిడుగు అడవి బిడ్డలైన సవరల మాటల్ని తెలుగు లిపిలో రాసి పుస్తకాలు వేశారు. ఆ సవర భాషకు మంగేయి గొమాంగో 1936లో విడిగా సృష్టించిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. గూగుల్ ఉచితంగా ఇచ్చే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు, ఇంకోదాని పేరు గురజాడ.