గలిలయ సరస్సు తీరమున ఒక పగలు

తెలుగు బైబిలు చదివినవారికి గలిలయ సముద్రమను పేరు చిరపరిచితమే. పేరునకు సముద్రము గాని, నిజమునకు అది మంచినీటి సరస్సు. యొర్దాను నది ఉత్తరమున దానిలో ప్రవేశించి దక్షిణమున వెలువడును. సరస్సు పొడవు దాదాపు 21 కిలోమీటర్లు, మిక్కిలి వెడల్పైన చోట సుమారు 13 కిలోమీటర్లు. దాని నీటిమట్టము సముద్రమట్టమునకు రమారమి 210 మీటర్ల దిగువన ఉన్నది. ప్రపంచమందలి మంచినీటి సరస్సులలో ఇంత పల్లమున ఉన్నది మరొకటి లేదు.

యేసుక్రీస్తు బోధలలో చాల భాగము ఈ తీరముననే జరిగినదని సువార్తలు చెప్పుచున్నవి. అందుచే పదునారు శతాబ్దములకు పైగా యాత్రికులు ఇచ్చటకు వచ్చుచున్నారు. పడమటి ఒడ్డుననున్న తిబెరియ పట్టణమునుండి ఉదయమున బయలుదేరినచో, సరస్సు ఉత్తరపు అంచును చుట్టి, సాయంకాలమునకు ఐదు ప్రాచీన స్థలములను చూడవచ్చును. ప్రతి చోటను మార్గదర్శి నోట ఒక మాట వినవచ్చును: “ఇదే ఆ చోటు.” ఆ మాట విన్న విజ్ఞానశాస్త్ర విద్యార్థికి వెంటనే ఒక ప్రశ్న తోచవలెను: “ఎట్లు తెలిసినది?” ఇది భక్తిని అవమానించు ప్రశ్న కాదు. మట్టిలోని ఆధారము ఎంతవరకు పలుకునో, ఎచ్చట మౌనము వహించునో తెలిసికొనుటకు అడుగు ప్రశ్న. ఈ ప్రశ్నను వెంట పెట్టుకొని పాఠకులు మాతో ఈ ఒక పగటి ప్రయాణమునకు రావలెనని కోరుచున్నాము.

బయలుదేరు ముందు ఒక మాట. తిబెరియ పట్టణమును క్రీ.శ. 20 ప్రాంతమున హేరోదు అంతిప కట్టించి, నాటి రోమను చక్రవర్తియైన తిబెరి కైసరు పేరు పెట్టెను. ఈ చక్రవర్తి మనకు బొత్తిగా సంబంధము లేనివాడు కాడు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమను వెండి నాణెముల పాతరలో ఆయన నాణెములు ఉన్నవి. వర్తకము వలన అంత దూరము వచ్చిన నాణెము, తాను పుట్టిన కాలమును తన ముఖముననే వ్రాసికొని వచ్చినది. నాణెమునకుగల ఈ గుణము పురాతత్త్వవేత్తకు ఎంత ఉపకరించునో నేటి ప్రయాణములో చూడగలము.

మగ్దల: హోటలు పునాదులలో సమాజ మందిరము

తిబెరియకు ఉత్తరమున కొద్ది కిలోమీటర్ల దూరములో మగ్దల ఉన్నది. మగ్దలేనే మరియ ఈ ఊరిదని సంప్రదాయము. 2009వ సంవత్సరమున ఇచ్చట యాత్రికులకొరకు వసతిగృహము కట్టదలచిరి. ఆ దేశపు చట్టము ప్రకారము కట్టడమునకు ముందు నేలను త్రవ్వి పరీక్షింపగా, క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన యూదుల సమాజ మందిరము బయల్పడినది. గోడల వెంబడి రాతి అరుగులు, నేలపై రంగురాళ్ళ పనితనము, నడుమ చెక్కడములుగల ఒక రాతి దిమ్మె. దిమ్మె ముఖమున ఏడు కొమ్మల దీపవృక్షము చెక్కబడి ఉన్నది. యెరూషలేము దేవాలయము క్రీ.శ. 70లో ధ్వంసమైనది. దేవాలయము నిలిచియున్న రోజులలోనే ఈ దీపవృక్షమును చెక్కిరని పండితులు తలచుచున్నారు.

ఈ మందిరములో క్రీ.శ. 29లో తిబెరియలో ముద్రించిన నాణెము దొరికినది. కావున ఆ కాలమునకు కొంచెము ఇటుగా ఇచ్చట జనులు మసలినారని చెప్పవచ్చును. “యేసు ఈ మందిరములో బోధించెనా?” అని యాత్రికులు అడుగుట సహజము. ఆయన గలిలయ అంతటను సమాజ మందిరములలో బోధించెనని సువార్తలు చెప్పుచున్నవి. ఈ మందిరము ఆ కాలమునాటిదే. ఆయన ఈ గడప దాటెనని చెప్పు రాతగాని గుర్తుగాని ఇచ్చట దొరకలేదు. మొదటి రెండు వాక్యములకును ఆధారము కలదు. వానిని కలిపి మూడవ వాక్యమును చేసికొనుట మన మనస్సు చేయు పని.

గిన్నోసరు: బురదలోని పడవ

మరికొంత ముందునకు పోగా గిన్నోసరు. 1986 జనవరిలో వానలు లేక సరస్సు నీరు బాగుగా వెనుకకు తగ్గినది. ఆ ఊరి అన్నదమ్ములిద్దరు, జాలరులు, బయటపడిన బురదలో ఒక పడవ ఆకారమును కనుగొనిరి. షెల్లీ వాక్స్‌మన్ అను పురాతత్త్వవేత్త ఆధ్వర్యమున దానిని వెలికితీసిరి. నీరు మరల పెరుగుచుండుటచే రాత్రింబవళ్ళు పనిచేసి పండ్రెండు దినములలో పని ముగించవలసి వచ్చినది.

పడవ పొడవు 8 మీటర్లకు కొంచెము పైన, వెడల్పు 2.3 మీటర్లు. పక్క పలకలు ఎక్కువగా దేవదారువి, లోపలి అడ్డపట్టెలు ఎక్కువగా ఓక్ కర్రవి. పలకల అంచులలో గాళ్ళు తొలిచి, వానిలో చిన్న చెక్కబిళ్ళలు బిగించి, కొయ్యమేకులతో కలిపినారు. అనేక చోట్ల అతుకులున్నవి. పదింటికి తక్కువ కాకుండ వేర్వేరు జాతుల కర్రలు అందులో కనబడినవి. పేద జాలరి తన పడవను మరమ్మత్తు చేసికొనుచు, దొరికిన కర్రతో నెట్టుకొని వచ్చినాడని తెలియుచున్నది.

దాని వయస్సు ఎట్లు తెలిసినది? చెట్టు బ్రతికియున్నంత కాలము గాలినుండి కార్బన్ గ్రహించును. అందు రేడియో ధార్మికతగల కార్బన్-14 కొద్దిపాటి కలిసి ఉండును. చెట్టు చచ్చిన తరువాత క్రొత్త కార్బన్ చేరదు. ఉన్న కార్బన్-14 క్రమముగా తరుగును. 5,730 సంవత్సరములకు అది సగమగును. రెండువేల సంవత్సరములకు నూటికి 78 పాళ్ళు మిగులును. ఈ లెక్కతో పడవ కర్రకు వచ్చిన కాలము క్రీ.పూ. 40, అటునిటు 80 సంవత్సరములు. పడవ వద్ద దొరికిన వంటపాత్ర, దీపమువంటివియు ఇంచుమించు ఆ కాలమునకే సరిపోయినవి. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఈ లెక్క చెట్టు పెరిగిన కాలమును చెప్పును గాని పడవ కట్టిన దినమును చెప్పదు. పాత కర్రను తిరిగి వాడినచో పడవ కర్రకంటె చిన్నది కావచ్చును.

వేల సంవత్సరములు నీటిలో నానిన కర్ర మెత్తబడి ఉండెను. దాని కణములలో నీరే నిండియుండెను. ఎండనిచ్చినచో ముడుచుకొని ముక్కలు కాగలదు. అందుచేత పడవ చుట్టును పాలియురిథేన్ నురుగు పోసి, గట్టిపడిన తరువాత నీటిపై తేల్చి ఒడ్డునకు చేర్చిరి. తరువాత తొట్టిలో ఉంచి, పాలిఎథిలీన్ గ్లైకాల్ అను మైనమువంటి పదార్థమును కర్రలోని నీటి స్థానమునకు మెల్లమెల్లగా ఎక్కించిరి. ఎండబెట్టుటతో కలిపి ఈ పనులకు పదునాలుగు సంవత్సరములు పట్టినది. 2000వ సంవత్సరము నుండి పడవ అచ్చటి ప్రదర్శనశాలలో ఉన్నది.

పత్రికలవారు దీనికి “యేసు పడవ” అని పేరు పెట్టిరి. ఆ మాటకు ఆధారము లేదు. త్రవ్వినవారును అట్లు చెప్పలేదు. అయినను సువార్తలలో వర్ణించిన జాలరుల పడవలు ఎంతటివో, ఎట్టివో మనకు చూపగల వస్తువు ఇదొక్కటే. ఈ విలువ చాలదా? లేనిపోని పేరు తగిలించినచో ఉన్న విలువ మరుగుపడును.

తబ్గా: రొట్టెలు, చేపలు

ఉత్తరపు ఒడ్డున తబ్గా ఉన్నది. గ్రీకు భాషలో ఏడు ఊటలు అని అర్థమిచ్చు హెప్టాపెగాన్ అను మాట అరబ్బుల నోట తబ్గా అయినది. ఐదు రొట్టెలతోను రెండు చేపలతోను యేసు ఐదువేలమందికి భోజనము పెట్టెనను కథను ఇచ్చట స్మరింతురు. నాలుగవ శతాబ్దిలో ఒక చిన్న చర్చి, ఐదవ శతాబ్దిలో దానిపై పెద్ద చర్చి లేచినవి. కాలక్రమమున శిథిలమై మట్టిలో కలిసిన ఈ కట్టడమును 1932లో జర్మను పండితులు త్రవ్విరి. పాత పునాదుల కొలతలనే అనుసరించి కట్టిన నేటి చర్చి 1982లో పూర్తియైనది.

వేదిక వద్ద నేలలో రంగురాళ్ళతో కూర్చిన చిత్రము ప్రసిద్ధమైనది: నడుమ రొట్టెల బుట్ట, అటొక చేప, ఇటొక చేప. ప్రక్క భాగములందలి నేలలో నీటిపక్షులు, తామరలు, వానితోపాటు నైలునది నీటిమట్టమును కొలుచు గోపురము కనబడును. గలిలయ తీరమున నైలునది గోపురమేల? నాటి పనివారు తమకు అలవాటైన నమూనాలనే వాడిరి. నైలు దృశ్యములు ఆ కాలపు శిల్పులకు మిక్కిలి ఇష్టమైనవి. కనుక ఈ నేల ఐదవ శతాబ్ది భక్తుల నమ్మకమునకు, కళకును సాక్షి. మొదటి శతాబ్దిలో ఇచ్చట జరిగినదానికి సాక్షి కాదు.

కపెర్నహూము: ఒక పాత అభిప్రాయము మారిన తీరు

తబ్గాకు తూర్పున మూడు కిలోమీటర్ల దూరములో కపెర్నహూము ఉన్నది. నేటి ప్రయాణములో మనకు మిక్కిలి పాఠము చెప్పు చోటు ఇదే. ఊరి ఇండ్లన్నియు స్థానికమైన నల్లని బసాల్టు రాతితో కట్టినవి. వాని నడుమ తెల్లని సున్నపురాతి సమాజ మందిరము ఠీవిగా నిలిచియుండును. శిల్పరీతిని బట్టి ఇది రెండవ మూడవ శతాబ్దులనాటిదని పండితులు చాలకాలము నమ్మిరి. యేసు బోధించిన మందిరము ఇదేయని యాత్రికులు తలచుటయు కద్దు.

1968 నుండి కార్బో, లొఫ్రెడా అను ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్న్యాసులు ఇచ్చట శాస్త్రీయముగా త్రవ్విరి. మందిరపు రాతి నేల క్రింద, చెదరని పొరలలో, వేలకొలది నాణెములు దొరికినవి. వానిలో అనేకము నాలుగవ శతాబ్ది చివరివి, కొన్ని ఐదవ శతాబ్దివి. ఇచ్చటి తర్కము మిక్కిలి తేలికైనది. నేల పరచిన తరువాత దాని క్రిందకు నాణెము దూరజాలదు. కాబట్టి నేల క్రిందనున్న నాణెములలో కడపటిది ముద్రితమైన పిదపనే ఆ నేల పరచబడి ఉండవలెను. మగ్దలలో నేలపైని నాణెము మందిరము వాడుకలోనున్న కాలమును సూచించినది. ఇచ్చట నేల క్రింది నాణెము మందిరము ఏ కాలమునకు ముందు లేదో చెప్పుచున్నది. కొంతకాలము వాదములు జరిగినను, నేడు చాలమంది పండితులు ఈ తెల్లని మందిరము నాలుగవ ఐదవ శతాబ్దులదేయని ఒప్పుకొనుచున్నారు. దాని అడుగున నల్లరాతి గోడలు ఉన్నవి. అవి మొదటి శతాబ్ది మందిరమువని త్రవ్వినవారి అభిప్రాయము.

ఆ మందిరమునకు దక్షిణమున మరొక వింత. ఐదవ శతాబ్దికి చెందిన ఎనిమిది మూలల చర్చి. దాని క్రింద నాలుగవ శతాబ్దినాటి ప్రార్థనా స్థలము. దాని క్రింద క్రీస్తు కాలపు మామూలు ఇల్లు. ఆ ఇంటిలో ఒక గదికి మాత్రము గచ్చు నేలను పలుమార్లు వేసినారు, గోడలకు సున్నపు పూత పూసినారు. ఊరిలో మరి ఏ ఇంటికిని ఇట్టి పూత కనబడలేదు. పూత పెళ్ళలపై గ్రీకు మొదలగు భాషలలో యాత్రికులు గీసిన గీతలు, ప్రార్థన వాక్యములు ఉన్నవి. నేల పొరలలో గాలములును దొరికినవి. ఇది పేతురు ఇల్లని సంప్రదాయము. నాలుగవ శతాబ్ది చివర ఈ దేశము చూచిన ఎగేరియా అను యాత్రికురాలు పేతురు ఇంటిని చర్చిగా మార్చిరని వ్రాసినది. సరస్సును గూర్చిన ఆమె మాటలు పండ్రెండవ శతాబ్దినాటి పీటర్ డీకన్ తన గ్రంథములో చేర్చుకొన్న రూపమున మనకు దక్కినవి.

గాలము దొరికినంత మాత్రమున అది పేతురు గాలము కాదు. అది జాలరుల ఊరు. కాని మామూలు గదిని ప్రత్యేకముగా చూచికొనుట, దానిపై ప్రార్థనా స్థలము, మరల దానిపై చర్చి లేచుట ఒక వరుసను చూపుచున్నది. ఆ ఇల్లు పేతురుదని ఋజువు చేయలేము. పేతురుదని జనులు చాల పూర్వమునుండి నమ్మిరని మాత్రము ధైర్యముగా చెప్పగలము. 1990లో కట్టిన క్రొత్త చర్చి స్తంభములపై ఈ శిథిలములకు ఎత్తుగా నిలిచినది. నడుమనున్న గాజు నేలగుండా క్రిందనున్న ఇంటిని చూడవచ్చును.

కుర్సీ: త్రోవ వేయబోయి దొరికిన మఠము

ప్రొద్దు వాలునప్పటికి తూర్పు ఒడ్డుకు చేరుదుము. 1970లో రోడ్డు వేయుచుండగా బుల్డోజరుకు ప్రాచీన కట్టడపు గుర్తులు తగిలినవి. త్రవ్వి చూడగా ప్రాకారముతో కూడిన పెద్ద క్రైస్తవ మఠము బయల్పడినది. ఇది ఐదవ శతాబ్దిలో కట్టినది. బాప్తిస్మపు గది నేలలో ఒక శాసనము కలదు. దానినిబట్టి ఆ గది నేల క్రీ.శ. 585లో వేసినదని తెలియుచున్నది. నాణెముతోగాని కార్బన్‌తోగాని పని లేకుండ కట్టడము తన తేదీని తానే చెప్పుకొనుట అరుదైన భాగ్యము.

దయ్యములు పట్టిన పందులు కొండమీదినుండి సరస్సులో పడిన కథను ఇచ్చట స్మరింతురు. ఆ కథ జరిగిన దేశము పేరు సువార్తల ప్రాచీన ప్రతులలో ఒకటిగా లేదు: గెరసేనుల దేశమని కొన్ని, గదరేనుల దేశమని కొన్ని, గెర్గెసేనుల దేశమని కొన్ని. గెరస నగరము సరస్సునకు ఎంతో దూరము. సరస్సు ఒడ్డునే ఏటవాలు కొండగల ఈ చోటును ప్రాచీన భక్తులు ఎన్నుకొనుటకు కారణము తేలికగా ఊహింపవచ్చును.

తిరుగు ప్రయాణము

కుర్సీనుండి చూచినచో సరస్సుకు ఆవలి ఒడ్డున, ఉదయము బయలుదేరిన తిబెరియ కనబడును. ఈ పగలంతయు “ఎట్లు తెలిసినది?” అను ప్రశ్నకు మనకు వచ్చిన జవాబులు ఒక్క తీరున లేవు. శాసనము సంవత్సరమును తేల్చి చెప్పినది. నాణెము ఒక హద్దు గీసినది. కార్బన్ కొన్ని దశాబ్దముల ఎడముతో కాలమును సూచించినది. యాత్రికుల గీతలు నమ్మకము ఎంత పాతదో చూపినవి. వీనిలో ఏదియు భక్తుని విశ్వాసమును పుట్టించుటకుగాని చెరుపుటకుగాని పూనుకొనలేదు.

కపెర్నహూము తెల్లని మందిరము విషయమున ప్రాత అభిప్రాయమును మార్చినవారు దానిని త్రవ్విన సన్న్యాసులే అను సంగతి మరువరాదు. అది క్రీస్తు కాలమునకు దగ్గరిదని చెప్పుటయే వారికి ప్రియమై ఉండవచ్చును. అయినను నేల క్రింది నాణెములు చెప్పినదానినే వారు లోకమునకు చెప్పిరి. తనకు ఇష్టమైనదానికి వ్యతిరేకముగా ఆధారము పలికినప్పుడు దానిని దాచక వెల్లడించుటయే శాస్త్రజ్ఞుని ధర్మము. మన విద్యార్థులు ఏ దేశపు శిథిలమును చూచినను, ఏ మతపు క్షేత్రమును దర్శించినను, ఈ ధర్మమును గుర్తుంచుకొందురుగాక.