నీటిలో కరిగే ఆతిథేయ అణువులు

తన కుహరంలోకి మరో అణువును ఎంచి పట్టుకునే అణువును ఆతిథేయి అని, అలా పట్టుబడిన దాన్ని అతిథి అని అంటారు. నీటిలో పనిచేసే ఆతిథేయిని రూపొందించడంలో అసలు చిక్కు దాన్ని కరిగించడం కాదు, కరిగాక కూడా కుహరాన్ని నీటికి గిట్టనిదిగా ఉంచడం. విద్యుదావేశమున్న సమూహాలను ఎక్కడపడితే అక్కడ తగిలిస్తే అణువు కరుగుతుంది గాని అతిథికి చోటు చెడుతుంది. అందుకే వాటిని సాధారణంగా అంచులకో, వెలుపలి గోడకో పరిమితం చేస్తారు. హైడ్రోజన్ బంధాల కోసం నీరే పోటీకి వస్తుంది కనుక నీటిలో పట్టు బలహీనంగా ఉండక తప్పదన్న అభ్యంతరం సగమే నిజం. ఇరుకు కుహరంలో చిక్కిన నీటి అణువులకు తోటి నీటితో కావలసినన్ని బంధాలు కుదరవు. అతిథి రాగానే అవి బయటపడి స్థిమితపడతాయి, ఆ లాభమే పట్టుకు బలం. కుకుర్బిట్-7-యూరిల్ అనే ఆతిథేయి ఒక డయమంటేన్ ఉత్పన్నాన్ని బంధించే స్థిరాంకం 10¹⁷ స్థాయిదని 2014లో తేలింది. ప్రకృతిలో పేరుమోసిన అవిడిన్–బయోటిన్ జంటను కూడా అది మించింది.

ఇలాంటి బలానికి ఎంపిక ఉండదు, జిడ్డుగా ఉన్న దేన్నైనా పట్టేస్తుందన్నది ఇంకాస్త గట్టి ఆక్షేపణ. దీనికి జవాబు సుగమడెక్స్ అనే మందు. ఎనిమిది గ్లూకోజ్ ఘటకాల గామా సైక్లోడెక్స్‌ట్రిన్ అంచున ఎనిమిది కార్బాక్సిలేట్ చేతులు అమర్చి దీన్ని తయారుచేశారు. అవి కుహరాన్ని లోతు చేస్తాయి, పరస్పర వికర్షణతో దాని నోరు మూసుకుపోకుండా చూస్తాయి, కండరాలను సడలించే రోకురోనియంలోని ధనావేశ నైట్రోజన్‌ను ఆకర్షిస్తాయి. కండరాలనే సడలించే అట్రాక్యూరియం మీద మాత్రం సుగమడెక్స్ ప్రభావం చూపదు. 2008లో ఐరోపాలో, 2015లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. అయితే గర్భనిరోధక మాత్రల్లోని ప్రొజెస్టోజెన్‌ను కూడా ఇది కొంత పట్టుకోగలదు కనుక, ఎంపిక సంపూర్ణమని అనలేం.